అంకె కంటే ముందు మాట

"ఏజెన్సీ పిల్లలకు లెక్కలు రావు" అన్న మాట మనకు కొత్తది కాదు. శిక్షణ తరగతుల్లో వింటాం. తనిఖీకి వచ్చినవాళ్ల నోట వింటాం. మనలో కొందరం కూడా అలవాటుగా అనేస్తూ ఉంటాం. మూడో తరగతి పిల్లకు రెండంకెల తీసివేత రాకపోతే కారణం వెతికే ముందే ఈ మాట సిద్ధంగా ఉంటుంది. హాజరు లేదు, ఇంట్లో చదువు లేదు, శ్రద్ధ లేదు అని దానికి మూడు కారణాలు తోడవుతాయి.

ఈ మాటను మేము ఒప్పుకోం. పిల్లలందరికీ లెక్కలు బాగా వస్తున్నాయని మేము అనడం లేదు. రావడం లేదన్నది నిజమే. ఎక్కడ ఆగిపోతున్నాయన్నదే మా ప్రశ్న. ఒకటో తరగతిలో సంఖ్యను పరిచయం చేసే తీరును, అందుకు వాడే పుస్తకాలను, బొమ్మల కార్డులను, లక్ష్యాల పట్టికలను ఆ ప్రశ్నతో ఒకసారి చూడాలని ఈ వ్యాసం.

నాలుగు మెట్లు

ఉపాధ్యాయ శిక్షణలో గణిత బోధన చదివినవారికి నాలుగు మెట్ల సంగతి గుర్తుండే ఉంటుంది. ముందు అనుభవం, తర్వాత భాష, ఆపైన బొమ్మ, చివర గుర్తు. పమేలా లీబెక్ అనే గణిత విద్యావేత్త చెప్పిన ఈ వరుసనే మన దేశంలో శిక్షణ పుస్తకాలు చాలావరకు తీసుకున్నాయి. పిల్ల మొదట వస్తువులను చేత్తో పట్టుకోవాలి. వాటి గురించి మాట్లాడాలి. తర్వాత వాటి బొమ్మ చూడాలి. అప్పుడు 5 అనే అంకె రాయాలి.

ఈ వరుస పక్కన మన తరగతి గదిని పెట్టి చూడండి. మొదటి మెట్టు మన పిల్లలకు కావలసినంత ఉంది. అడ్డాకులు ఏరి కట్టలు కడతారు, చింతపిక్కలతో ఆడతారు, సంతలో అమ్మ పక్కన కూర్చుంటారు, మేకలు తోలుతారు. మూడో మెట్టు, నాలుగో మెట్టు పాఠ్యపుస్తకం ఇస్తుంది. పేజీ తెరవగానే బొమ్మలు, వాటి పక్కన అంకెలు. మధ్యలో ఉన్న రెండో మెట్టు, అంటే భాష, మన బడుల్లో విరిగిపోయి ఉంది. పిల్ల అనుభవం సవరలోనో, కువిలోనో, కోయలోనో, గోండిలోనో ఉంటుంది. బొమ్మ పక్కన రాసినది తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు. చేతిలో ఉన్న పిక్కకూ పేజీలో ఉన్న అంకెకూ నడుమ పిల్లకు తెలిసిన మాట ఒక్కటీ ఉండదు. అందుకే పిల్ల మొదటి మెట్టు మీంచి నాలుగో మెట్టుకు గెంతాల్సి వస్తోంది. కొందరు గెంతుతారు, ఎక్కువమంది పడతారు. పడినవాళ్లకు లెక్కలు రావని మనం పేరు పెడతాం.

అప్పజెప్పడం వేరు, లెక్కించడం వేరు

ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పే పిల్లను చూసి మనం సంతోషిస్తాం. అది పాట వచ్చినట్టు. సంఖ్య వచ్చినట్టు కావాలంటే ఇంకా చాలా రావాలి. రోచెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో వెలువడిన తమ పుస్తకంలో లెక్కించడంలో దాగి ఉన్న సూత్రాలను ఐదుగా విడదీశారు. మన మాటల్లో చెప్పుకుంటే ఇవి: ఒక్కో వస్తువుకు ఒక్కటే పేరు చెప్పాలి. పేర్ల వరుస ఎప్పుడూ మారకూడదు. చివర చెప్పిన పేరే మొత్తం ఎన్నో చెబుతుంది. రాళ్లైనా, మేకలైనా, చప్పట్లైనా లెక్క తీరు ఒక్కటే. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు.

తరగతిలో ఇవి ఎక్కడెక్కడ తప్పుతాయో మనకు రోజూ కనబడుతుంది. ఐదు చింతపిక్కలు పెట్టి లెక్కపెట్టమంటే కొందరికి నోరు ఏడు దాకా పోతుంది, వేలు ఇంకా నాలుగో పిక్క మీదే ఉంటుంది. అక్కడ మొదటి సూత్రం కుదరలేదు. ఇంకో పిల్ల తప్పు లేకుండా ఐదు దాకా లెక్కపెడుతుంది. "మరి ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. చివరి పేరే మొత్తమని ఆమెకు ఇంకా అందలేదు. ఈ ఇద్దరికీ కావలసిన సాయం వేరువేరు. ఒకరికి పిక్కను తాకి పక్కకు జరుపుతూ లెక్కపెట్టే అలవాటు కావాలి. ఇంకొకరికి లెక్కపెట్టిన పిక్కలన్నీ దోసిట్లోకి తీసుకుని "ఇవన్నీ కలిపి ఐదు" అని చెప్పుకునే అనుభవం కావాలి. మన రిజిస్టర్‌లో మాత్రం ఇద్దరిదీ ఒకటే గడి, అందులో ఒకటే గుర్తు: రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన పిల్లలకు అడవిలో, పొలంలో అన్నీ తెలుసని పొగిడి వదిలేయడం కూడా సరికాదు. సాయంత్రం మంద తిరిగొస్తే ఏ మేక రాలేదో పిల్లవాడు ఇట్టే చెబుతాడు. అది లెక్కపెట్టి చెప్పింది కాదు, ఒక్కో మేకనూ గుర్తుపట్టి చెప్పింది. గొప్ప తెలివే, కానీ సంఖ్య కాదు. అయితే సంఖ్య మొదలయ్యే చోటు అక్కడే. ఒక్కో మేకకు ఒక్కో గులకరాయి పెట్టమంటే, పొద్దున పెట్టిన రాళ్లలో సాయంత్రం ఒకటి మిగిలితే, ఆ మిగిలిన రాయి మీద పాఠం చెప్పవచ్చు. వామనగుంటలు కూడా అంతే. ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేసుకుంటూ పోయే పిల్లకు 'ఒకటికి ఒకటి' అనే సూత్రం చేతిలోనే ఉంది. ఆ ఆటను బడిలో ఆడనివ్వకుండా అదే సూత్రాన్ని పుస్తకంలో గీతలు గీయించి నేర్పడం మనం చేస్తున్న వింత.

తప్పు లెక్కదా, మాటదా?

తెలుగు రాని పిల్ల లెక్కల తరగతిలో చేసే తప్పులను రెండు కుప్పలుగా పోయాలి. ఒక కుప్ప లెక్క తప్పులు, ఇంకో కుప్ప మాట తప్పులు. రెంటినీ కలిపి మార్కులు వేయడమే మన మూల్యాంకనంలో ఉన్న పెద్ద లోపం.

పిల్ల "రెండు పిల్లలు వచ్చారు" అంటుంది. తరగతి నవ్వుతుంది. టీచరు సరిదిద్దుతారు, "ఇద్దరు అనాలి" అని. లెక్క సరిగ్గానే ఉంది. వచ్చింది ఇద్దరే, ఆమె చెప్పిందీ అంతే. మనుషులకు ఇద్దరు, ముగ్గురు, నలుగురు అనీ, వస్తువులకు రెండు, మూడు, నాలుగు అనీ తెలుగు వేరు చేస్తుంది. అది తెలుగు వ్యాకరణం. ఆ నవ్వు విన్న పిల్ల మర్నాటి నుంచి లెక్క తెలిసినా నోరు విప్పదు.

'ఎక్కువ', 'తక్కువ', 'కంటే', 'ఇంకా', 'మిగిలిన' అన్నవి తొలి లెక్కలకు ఆయువుపట్టు లాంటి మాటలు. "5 కంటే 3 ఎంత తక్కువ?" అన్న వాక్యంలో అంకెలు రెండే, పిల్లకు అర్థం కాని మాటలు మూడు. పియాజే చేసిన ప్రసిద్ధమైన ప్రయోగం శిక్షణలో అందరం చదివాం. రెండు వరుసల్లో సమానంగా రాళ్లు పెట్టి, ఒక వరుసను ఎడంగా జరిపి, ఏది ఎక్కువ అని అడుగుతారు. చిన్నపిల్లలు పొడుగు వరుసే ఎక్కువ అంటారు, రాశి నిత్యత్వం ఇంకా రాలేదని మనం రాసుకుంటాం. మన బడిలో ఆ ప్రశ్నను తెలుగులో అడిగితే వచ్చే జవాబుకు అంత అర్థం ఉండదు. 'ఎక్కువ' అంటే 'పొడుగు' అనుకుందేమో మనకేం తెలుసు? అదే ప్రశ్నను ఇంటి భాషలో అడిగి చూశాకే పిల్ల గురించి ఏదైనా రాయాలి.

ఇంకో సంగతి. 'గిరిజన విద్యార్థి' అని ఒకే మాటతో అందరినీ కలిపేస్తాం గానీ, లెక్కల విషయంలో మన భాషలు ఒక్క తీరు కావు. గోండి తెలుగుకు చుట్టం. రండ్, ముండ్, నాలుంగ్ అనే పిల్లకు రెండు, మూడు, నాలుగు అన్నవి పక్కింటి మాటల్లా వినిపిస్తాయి. కోయ పిల్లకు ఇంకా దగ్గర. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానిది. అబోయ్, బాగు, యాగి, ఉంజి అనే పిల్లకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్న మాటల్లో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఉట్నూరులో కుదిరిన కృత్యం సీతంపేటలో కుదరకపోవడానికి ఇదొక కారణం. అన్ని ఐటీడీఏలకూ ఒకే మాడ్యూల్ పంపేవారు ఈ తేడాను చూడాలి.

సవర లెక్క

సవర సంఖ్యల సంగతి మన యువతలోనే చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. ఊరిని బట్టి పలుకుబడి కొంచెం మారుతుంది గానీ వరుస ఇది: అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్లోయ్, తుడ్రు, గుల్జి, తమ్జి, తింజి, గల్జి, గల్ముయ్, మిగ్గెల్. ఇవి పన్నెండు. పదకొండుకూ పన్నెండుకూ సొంత పేర్లున్నాయి. పదమూడు దగ్గర కొత్త పేరు లేదు, పన్నెండు మీద ఒకటి అంటారు: మిగ్గెల్‌బోయ్. పద్నాలుగు అంటే పన్నెండు మీద రెండు. ఇలా పంతొమ్మిది దాకా పన్నెండే ఆధారం. ఇరవైకి 'కుడి' అనే కట్ట వస్తుంది. ఒక కుడి బొకుడి, అంటే 20. ఆపైన ఆ కట్ట మీద మళ్లీ ఒకటి నుంచి పంతొమ్మిది దాకా.

కాబట్టి 33 అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. 39 అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఏడు. 93 అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. లోపల పన్నెండు, వెలుపల ఇరవై, రెండు రకాల కట్టలు కలిసి పనిచేసే లెక్క ఇది. ప్రపంచ భాషల్లో ఇలాంటిది అరుదు గనుక భాషాశాస్త్రవేత్తలు దీన్ని ప్రత్యేకంగా చెప్పుకుంటారు.

ఈ భాషను తెలుగువారిలో శ్రద్ధగా నేర్చుకుని రాసిపెట్టిన వ్యక్తి గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. ఆయన పుట్టిన ఆగస్టు 29న మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజు ఉపన్యాసాలన్నీ వ్యావహారిక తెలుగు గురించే ఉంటాయి. సవర పిల్లకు సవరలో చెప్పాలన్న ఆయన పని, మన తరగతి గదికి నేరుగా సంబంధించిన పని, ఎవరి నోటా పెద్దగా రాదు.

ఇక్కడ మనవాళ్ల మీద కూడా ఒక విమర్శ ఉంది. "మా తాతలకు పన్నెండు మీద లెక్క ఉంది" అని గర్వంగా చెప్పుకుని అక్కడితో ఆగిపోతున్నాం. సభల్లో చెబుతాం, ఫోన్లలో పంపుకుంటాం. సోమవారం బడికి వెళ్లి మళ్లీ ఒకటి నుంచి వంద దాకా పదిసార్లు రాయమంటాం. గర్వపడినంత మాత్రాన పిల్లకు స్థాన విలువ రాదు. ఆ లెక్కను బడి పనికి వాడుకున్నప్పుడే దాని విలువ నిలుస్తుంది.

అలాగని దాన్ని ఇంట్లో వాడని పిల్లల మీద రుద్దడమూ తప్పే. ఈ రోజు చాలా సవర ఇళ్లలో చిన్న సంఖ్యలు సవరలో, పెద్ద సంఖ్యలు తెలుగులో చెబుతున్నారు. గోండి ఊళ్లలోనూ అంతే, పెద్ద సంఖ్యలకు తెలుగో మరాఠీయో వాడేవారున్నారు. పిల్లకు ఇంట్లో ఐదు దాకా సవర వస్తే ఐదు దాకానే సవరలో మొదలుపెట్టాలి. మిగిలింది తాతల దగ్గర విని నేర్చుకుంటే మంచిదే, పరీక్ష పెట్టకూడదు. పిల్లకు రానిదాన్ని అమ్మభాష పేరుతో రుద్దినా రుద్దడమే అవుతుంది.

బొమ్మ మారిస్తే చాలదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నాటికి గోండి, కోయ, కొండ, కువి, సవర, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. మన భాషలు తెలుగు లిపిలో అచ్చయి బడికి రావడం అప్పుడు పెద్ద అడుగు. ఆ పని చేసిన ఉపాధ్యాయుల, ఊరి పెద్దల శ్రమను మేము తక్కువ చేయం. తర్వాతి కాలంలో ఆ అడుగు ముందుకు పడిన దానికంటే బొమ్మల వైపు జరిగింది ఎక్కువ. యాపిల్ బొమ్మ తీసి ఇప్పపువ్వు బొమ్మ పెడితే, రైలు తీసి దింసా ఆడుతున్న మనుషులను గీస్తే లెక్క మన పిల్లదైపోయిందని చాలామంది నమ్ముతున్నారు. బొమ్మ కింద వాక్యం మాత్రం అదే: "ఎన్ని ఉన్నాయో లెక్కించి రాయండి." పిల్లకు ఇప్పపువ్వు తెలుసు. 'లెక్కించి రాయండి' తెలియదు.

ఇప్పుడు వస్తున్న పాఠ్యపుస్తకాలు ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు అచ్చేసిన రెండు భాషల పుస్తకాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి, తెలంగాణలో 2022 నుంచి ఇవి వాడుకలోకి వచ్చాయి. తెలుగు పిల్లకు ఇవి ఎంతో కొంత ఆసరా. తెలియని భాష పక్కన తెలిసిన భాష ఉంటుంది. మన పిల్లకు రెండు పేజీలూ తెలియని భాషే. పుస్తకం బరువు పెరిగింది, ఆసరా రాలేదు. పైగా పదకొండు, పన్నెండు, పద్దెనిమిది, పంతొమ్మిది అన్న పేర్లు తెలుగు పిల్లకే కాస్త తికమకగా ఉంటాయి, లోపల ఉన్న 'పది' పైకి తేటగా వినిపించదు. ఎదుటి పేజీలో ఉన్న ఎలెవెన్, ట్వెల్వ్‌లలో అయితే 'టెన్' అసలే వినిపించదు. స్థాన విలువ మొదలయ్యే చోటే పేర్లు దారి చూపకపోతే పిల్ల బట్టీ పడుతుంది. 'ఇరవై మూడు' రాయమంటే 203 రాసే పిల్లలు అలా తయారైనవాళ్లే. ఆమె విన్నది విన్నట్టు రాసింది: ఇరవైకి 20, పక్కన 3.

అందుకని ఏ లెక్కల పుస్తకం, కార్డు, మాడ్యూల్ చేతికొచ్చినా మూడు ప్రశ్నలు అడగాలని మా సూచన. ఒకటి, ఇందులో పిల్ల మాట్లాడే చోటు ఉందా, రాసే చోటు మాత్రమే ఉందా? రెండు, ఎక్కువ, తక్కువ, ఇంకా, మిగిలింది వంటి మాటలు ఇంటి భాషలో ఉన్నాయా, లేక అంకెల పేర్లు మాత్రమే తర్జుమా చేశారా? మూడు, మన ఊళ్లో కట్టలు కట్టే తీరు, కొలిచే తీరు ఇందులో పాఠానికి పనికొచ్చిందా, పక్కన అలంకారంగా మిగిలిందా? మూడింటికీ లేదనే జవాబు వస్తే అందులో ఎన్ని ఇప్పపూలు ఉన్నా అది మన లెక్కల పుస్తకం కాదు.

ముప్పైమూడు పుల్లలు

విమర్శ చేసినవాళ్లు ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. తరగతిలో చేయగలిగినవి కొన్ని ఇవి. వేటికీ డబ్బు అక్కర్లేదు.

చింతపిక్కలను నడిమికి చీల్చితే ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు. ఐదు బద్దలు విసరాలి. మూడు తెల్లగా, రెండు నల్లగా పడితే ఐదులో మూడు, రెండు. మళ్లీ విసిరితే నాలుగు, ఒకటి. ఒక్కోసారి అన్నీ నల్లగానే పడతాయి, తెల్లవి ఒక్కటీ ఉండవు. సున్నాకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పుస్తకంలో సున్నా చాలాసార్లు 10 రాయడానికి వచ్చే గుండ్రం గుర్తుగానే పరిచయమవుతుంది. ఈ ఆటలో 'తెల్లవి ఏమీ లేవు' అన్న మాటకు గుర్తుగా వస్తుంది. పిల్లలు ఇది ఇంటి భాషలో ఆడాలి, టీచరు పక్కన తెలుగు మాటను జోడిస్తూ పోవాలి. కొన్ని వారాలు ఆడితే ఐదు లోపల కూడికలూ తీసివేతలూ రాయించే ముందే వచ్చేస్తాయి. అష్టాచెమ్మా గవ్వలతోనూ ఇదే జరుగుతుంది. ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టకుండా చూడగానే చెప్పడం పిల్లలకు అలవాటవుతుంది.

రెండో తరగతికి ముప్పైమూడు కొండచీపురు పుల్లలు తీసుకోవాలి. ఊళ్లో పెద్దవాళ్లు ఎవరైనా పాత లెక్క తెలిసినవాళ్లుంటే బడికి పిలవాలి. వాళ్ల తీరులో కట్టలు కట్టించాలి: ఇరవై పుల్లల కట్ట ఒకటి, పన్నెండు పుల్లల కట్ట ఒకటి, విడిగా ఒక పుల్ల. పిల్లలు గట్టిగా చెప్పాలి. తర్వాత కట్టలు విప్పి, అవే పుల్లలను పదేసి చొప్పున కట్టించాలి. మూడు కట్టలు, విడిగా మూడు పుల్లలు. ఇప్పుడు అడగాలి, "పుల్లలు పెరిగాయా, తగ్గాయా?" ఏమీ కాలేదు. కట్టలు మారాయి, పేరు మారింది, పుల్లలు అవే. బోర్డు మీద 33 అని రాసి, ఎడమ 3 ఏ కట్టలను చెబుతోంది, కుడి 3 ఏ పుల్లలను చెబుతోంది అని చూపించాలి. బడి లెక్కలో పదేసి చొప్పున కట్టుకుంటాం కనుక ఇలా రాస్తాం అని చెప్పాలి.

ఈ పాఠంలో పిల్లకు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. కట్టిన తీరు మారినా రాశి మారదని చూస్తుంది. స్థాన విలువ అంటే కట్టల లెక్క అని చేత్తో తెలుసుకుంటుంది. తాత చెప్పే లెక్క తప్పు కాదనీ, బడి లెక్క ఇంకో తీరు కట్ట అనీ గ్రహిస్తుంది. 'ఇరవై మూడు'ను 203 అని రాసే పిల్లతో కూడా రెండు కట్టలు, మూడు పుల్లలు పెట్టించి చూడండి. తప్పు ఎక్కడుందో చాలావరకు ఆమే కనుక్కుంటుంది.

కొలతల్లోనూ ఇలాంటి కట్టలే ఉన్నాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. చోళ్లతో కొలిచి చూసిన పిల్లకు రెట్టింపు, సగం అన్న మాటలు వేరే చెప్పనక్కర్లేదు. సంతలో పది రూపాయల నోటూ ఒక కట్టే. అయితే అందులో పది రూపాయి బిళ్లలు కంటికి కనిపించవు. అందుకే పుల్లల కట్ట ముందు, నోటు తర్వాత. ఈ వరుస తప్పితే నోటు మళ్లీ ఒక బొమ్మ అవుతుంది.

ఇదంతా ఆట కోసం ఆట కాదు. కొలతా తూకమూ తెలియక సంతలో నష్టపోయిన తరాలు మనవి. కట్ట ధర చెప్పగానే మనసులో లెక్క కట్టి, ఇచ్చిన నోటుకు ఎంత తిరిగి రావాలో అడగగల పిల్లలు మన ఊళ్లకు కావాలి. ఆ ధైర్యానికి పునాది ఒకటి, రెండు తరగతుల్లోనే పడుతుంది.

తొందర, మనుషుల కొరత

2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి ముగిసేసరికి 99 దాకా, రెండో తరగతికి 999 దాకా, మూడో తరగతికి 9999 దాకా సంఖ్యలు చదవడం, రాయడం రావాలి. పునాది మీద దృష్టి పెట్టడం మంచిదే. దాన్ని మేము స్వాగతిస్తాం. ఇంటి భాషకు చోటు ఇవ్వాలని ఆ పత్రాలూ చెబుతున్నాయి. చిక్కు అమలులో వస్తోంది. కొత్త భాష వింటూ బడిలో అడుగుపెట్టిన పిల్లకూ, ఆ భాషలోనే పుట్టి పెరిగిన పిల్లకూ ఒకే ఏడాది, ఒకే పట్టిక. గడువు తరుముతుంటే టీచరు దేన్ని వదిలేస్తారు? మాట్లాడించడాన్నే వదిలేస్తారు. రాయించినదానికి నోటు పుస్తకం సాక్ష్యం ఉంటుంది, మాట్లాడించినదానికి ఉండదు. కాబట్టి మొదటి ఏడాది ఇరవై దాకా గట్టిగా, రెండు భాషల్లో, వస్తువులతో నేర్పే వెసులుబాటు మన బడులకు ఇవ్వాలి. ఇరవై గట్టిగా వచ్చిన పిల్లకు 99 దూరం కాదు. 99 దాకా చూసి రాసిన పిల్లకు ఇరవై కూడా చేతిలో ఉండదు.

ఈ పని చేయడానికి పిల్ల మాట అర్థమయ్యే మనిషి తరగతిలో ఉండాలి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. వీలైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. మనుషులు లేకుండా ఈ మాటలు కాగితం దాటి రావు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. ఆ తీర్పు గురించి మనం ఉద్యోగాల కోణంలో చాలా మాట్లాడుకున్నాం. ఐదేళ్ల పిల్ల "బాగు" అంటే రెండు అని చెబుతోందో, "బాగుంది" అంటోందో తెలియని టీచరు ముందు ఆ పిల్ల లెక్క ఏమవుతుందన్న కోణంలో తక్కువ మాట్లాడుకున్నాం. ఇకమీద నియామకాల గురించి అడిగేటప్పుడు ఈ మాట కూడా అడగాలి. స్థానికేతర ఉపాధ్యాయులకు మేము వ్యతిరేకం కాదు. పిల్లల భాషలో ఒకటి నుంచి ఇరవై దాకా, ఎక్కువ తక్కువ లాంటి పాతిక మాటలు నేర్చుకుని తరగతి నడుపుతున్నవారు వారిలోనూ ఉన్నారు. ఆ పాతిక మాటలను ప్రతి టీచరుకూ నేర్పే శిక్షణ ఉండాలి. భాషా వలంటీర్లను ఏటా ఎదురుచూపుల్లో పెట్టకుండా బడి తెరిచిన రోజు నుంచే తీసుకోవాలి.

యువతకు ఒక పని

ఈ పుస్తకం చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని అప్పగిస్తున్నాం. వచ్చే సెలవుల్లో మీ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఇవి రాసుకోండి. ఒకటి నుంచి నలభై దాకా మన భాషలో ఎలా చెబుతారు? మనుషులకూ వస్తువులకూ పేర్లు వేరా? ఆకులు, పళ్లు, చీపుళ్లు ఎన్నేసి చొప్పున కడతారు, ఆ కట్టకు పేరేమిటి? గింజలు దేంతో కొలుస్తారు? ఎక్కువ, తక్కువ, సమానం, సగం, ఏమీ లేదు, ఇంకొకటి అన్న వాటికి మన మాటలేమిటి? పిక్కలతో, గవ్వలతో ఆడే ఆటలు ఏవి, వాటిలో లెక్క ఎక్కడ ఉంది? ఇద్దరు పెద్దలు రెండు తీర్లుగా చెబితే రెండూ రాయండి, సరిదిద్దకండి. ఊరి పేరు, తేదీ వేయండి.

ఉపాధ్యాయ మిత్రులకు చెప్పేది ఇంకా చిన్నది. ఈసారి పిల్ల జవాబు తప్పు అని గుర్తు పెట్టే ముందు అదే ప్రశ్నను ఇంటి భాషలో, చేతిలో వస్తువులు పెట్టి ఇంకోసారి అడగండి. మీకు ఆ భాష రాకపోతే పై తరగతి పిల్లతో అడిగించండి. అప్పుడూ జవాబు తప్పితే అది లెక్క తప్పు, నేర్పాల్సిందేమిటో తేలింది. జవాబు సరిగ్గా వస్తే పిల్లకు లెక్క వచ్చు, మనం నేర్పాల్సింది తెలుగు మాట. రిజిస్టర్‌లో ఈ రెంటికీ రెండు గడులు గీసుకోండి. ఒక్క ఏడాది అలా రాసిన రిజిస్టర్లు పది బడుల నుంచి చేతికొస్తే, మన పిల్లలకు లెక్కలు రావు అనేవారి ముందు పెట్టడానికి మన దగ్గర కాగితం ఉంటుంది.